కరెంటు పోయి వచ్చేలోగా యూఎస్‌బీ బోర్డుల పేర్లు సరిచూసుకోండి

మొన్న వాన రాత్రి బాలానగర్‌లో తెలిసినవాళ్ల వర్క్‌షాపులో కరెంటు పోయి వచ్చింది. లైనక్స్ కంప్యూటర్ మళ్లీ ఆన్ అయింది. పంపు బటన్ నొక్కితే కన్వేయర్ కదిలింది. బెల్టు మీద చెయ్యి పెట్టి ఉన్న కుర్రాడు చటుక్కున లాక్కున్నాడు కాబట్టి వేళ్లు దక్కాయి. వైరింగ్‌లో తప్పు లేదు. కంప్యూటర్ చెప్పినట్టు మెషిన్లను ఆన్, ఆఫ్ చేసే రెండు యూఎస్‌బీ రిలే బోర్డుల నంబర్లు తారుమారయ్యాయి.

టీటీవై-యూఎస్‌బీ-0 (ttyUSB0), టీటీవై-యూఎస్‌బీ-1 అనేవి ముందు కనబడిన బోర్డుకు ముందు అని లైనక్స్ లోపలి ప్రధాన భాగమైన కెర్నెల్ ఇచ్చే టోకెన్లు. రీబూట్ అయితే మారొచ్చు. కేబుల్ క్షణం వదులైనా మారొచ్చు. ఆ నంబరును ప్రోగ్రాంలో నేరుగా రాసి వదిలేయడం వల్లే నేను చూసిన నష్టాల్లో ఎక్కువ జరిగాయి.

లైనక్స్‌లో పరికరాల పేర్లుండే డెవ్ ఫోల్డర్ లోపల సీరియల్, దాని లోపల బై-ఐడీ ఫోల్డర్ (/dev/serial/by-id) ఉంటుంది. అక్కడి పేరు వాడండి. బోర్డును యూఎస్‌బీకి కలిపే చిప్‌లలో ఎఫ్‌టీడీఐ వాటికి సాధారణంగా సొంత సీరియల్ నంబరు ఉంటుంది. చవగ్గా దొరికే సీహెచ్340కి చాలావరకు ఉండదు. అవి రెండు పెడితే బై-ఐడీలో ఒక్క పేరే కనిపిస్తుంది. అప్పుడు సాకెట్‌ను బట్టి పేరు ఇచ్చే బై-పాత్ ఫోల్డర్ వాడి, ఏ బోర్డు ఏ సాకెట్‌దో రంగు టేపు అంటించండి. బోర్డు మీరే చేసుకున్నదైతే, అడిగితే తన పేరు చెప్పే కమాండ్ ఫర్మ్‌వేర్‌లో, అంటే బోర్డు లోపలి ప్రోగ్రాంలో, పెట్టండి. జవాబు సరిపోతేనే రిలే కదలాలి.

ఎమర్జెన్సీ స్టాప్‌ను యూఎస్‌బీకి అప్పగించొద్దు, మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్ అయిన కాంటాక్టర్ కాయిల్‌కు సిరీస్‌లో నేరుగా వైరు వేయండి. కంప్యూటర్ నుంచి సెకను పాటు ఏమీ రాకపోతే బోర్డు తనంతట తానే మెషిన్‌ను ఆపాలి.

ఆర్డుయినో ఉనో అనే చిన్న కంట్రోల్ బోర్డు, ప్రోగ్రాం దాని పోర్టు తెరవగానే రీసెట్ అవుతుంది, ఆ కాసేపు పిన్నులు ఆన్, ఆఫ్ ఏదీ కాకుండా గాల్లో ఉంటాయి, కాబట్టి రిలే ఇన్‌పుట్‌లకు రెసిస్టర్ పెట్టి ఆఫ్‌లో ఉంచండి. లైనక్స్‌లో ఉండే మోడెమ్ మేనేజర్ అనే ప్రోగ్రాం తీసేయండి, అది కొత్త పోర్టును మోడెం అనుకుని ఏటీ కమాండ్లు (మోడెంకు ఇచ్చే ఆదేశాలు) పంపగలదు. రిలే కాయిళ్లకు వేరే సప్లై. యూఎస్‌బీ కేబుల్ మోటారు కేబుల్ పక్కన వద్దు. కంప్యూటర్‌కూ బోర్డుకూ మధ్యలో, కరెంటు అటూ ఇటూ దాటకుండా ఆపే యూఎస్‌బీ ఐసోలేటర్ పెట్టండి. ప్రోగ్రాంను రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, నడపొద్దు. స్టెప్పర్ మోటారును అడుగడుగూ తిప్పే పల్సులు లైనక్స్ నుంచి యూఎస్‌బీ మీద ఒక్కొక్కటిగా పంపొద్దు. టీటీవై-యూఎస్‌బీ-0 అని ఎక్కడ రాసి ఉన్నా ఈరోజే వెతికి తీసేయండి.

తర్వాత మోటార్ల పవర్ తీసి, రెండు యూఎస్‌బీ కేబుళ్లు ఒకదాని చోట ఒకటి గుచ్చి (బై-పాత్ వాడితే మాత్రం టేపు ప్రకారమే ఉంచి), మెయిన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. ప్రోగ్రాం సరైన బోర్డునే పట్టుకోవాలి, లేదా ఎర్రర్ చూపించి ఆగిపోవాలి. మూడోది ఏం జరిగినా ఆ మెషిన్ దగ్గరికి మనిషిని పంపకండి.