బోటు హారన్ మూగబోయిందా? కొత్తది కొనే ముందు ఇది చూడండి

సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒకరు ఇంజను విప్పుతుంటారు, ఒకరు వల బాగుచేస్తుంటారు, ఒకరు రంగు వేస్తుంటారు. హారన్ సంగతి మాత్రం జూన్ 13న గుర్తొస్తుంది. మా చిన్నాన్న అలాగే రెండేళ్లలో మూడు హారన్లు కొన్నాడు. మూడోదీ మోగకపోయేసరికి "ఇదీ దొంగ సరుకేరా" అన్నాడు. దాన్ని విప్పి నేరుగా బ్యాటరీకి తగిలిస్తే జెట్టీ మీద వాళ్లంతా తిరిగి చూశారు. మూలన పడేసిన పాత రెండూ అలాగే మోగాయి.

కాబట్టి మొదటి పని అదే. హారన్ విప్పి, రెండు వైరు ముక్కలతో బ్యాటరీకి కలపండి, ప్లస్ వైరుకి ఫ్యూజు ఉండాలి. చివరి కనెక్షన్ హారన్ దగ్గర ఇవ్వండి, బ్యాటరీ దగ్గర కాదు. ఛార్జింగ్‌లో వచ్చే గ్యాస్‌కి నిప్పురవ్వ చాలు.

మోగిందా? అయితే జబ్బు వైరింగ్‌ది. ఫ్యూజు చూశాక వోల్టులు కొలిచే మల్టీమీటర్ తీయండి. ఇక్కడే చాలామంది మోసపోతారు. హారన్ తగిలించకుండా, స్విచ్ నొక్కి వైరు కొసల దగ్గర కొలిస్తే 12 వోల్టులు చూపిస్తుంది, అంతా బాగుందనుకుంటాం. హారన్ తగిలించి, ఒకరు స్విచ్ నొక్కి పట్టుకుంటే అప్పుడు కొలవాలి. మా బోటులో బ్యాటరీ దగ్గర 12.4 ఉంటే పైన హారన్ దగ్గర 8 కూడా రాలేదు. ఎర్త్ వైరు తొడుగు కోసి చూస్తే లోపల రాగి పోగులు ఆకుపచ్చగా చిలుము పట్టి, వేలితో నలిపితే పొడి అయిపోయాయి. అలాంటి వైరుకి అతుకులు వేయొద్దు, మొత్తం మార్చండి. తగరం పూత ఉన్న రాగి వైరు ఉప్పుగాలికి ఎక్కువ కాలం ఆగుతుంది.

ఇంకో మాట. కొన్ని ఆటో హారన్లకు ఒకటే టెర్మినల్ ఉంటుంది, బండి బాడీయే ఎర్త్. ఫైబర్, చెక్క బోట్లలో ఆ పప్పులు ఉడకవు. రెండు టెర్మినల్స్ ఉన్నదే కొని, ఎర్త్ వైరు బ్యాటరీ మైనస్ దాకా లాగాలి.

నేరుగా కలిపినా "టిక్" మని ఊరుకుంటే వెనక చిన్న స్క్రూ ఉందేమో చూడండి. అది ఎక్కడుందో గోళ్లరంగుతో గుర్తు పెట్టి, పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి నొక్కుతూ ఉండండి. గొంతు వస్తే అక్కడే ఆపండి. బూర హారన్ అయితే ముందు బూరలోకి టార్చి వేయండి. రెండు నెలలు ఖాళీగా ఉంటే కందిరీగలు మట్టిగూడు కట్టేస్తాయి. లోపల అదిరి మోత చేసే రేకు తుప్పుతో చిల్లుపడితే మాత్రం రిపేరు లేదు.

కొత్తదే కొనాలంటే? కంప్రెసర్ ఎయిర్ హారన్ గొంతు పెద్దదే కానీ కరెంటు బాగా తాగుతుంది, ట్యూబు ఎక్కడో ఒకచోట చీలుతుంది. చిన్న బోటుకి స్టీలు బూర ఉన్న ఎలక్ట్రిక్ హారనే నా ఓటు. బ్యాటరీ 12 వోల్టులా, 24 వోల్టులా అన్నది చూసుకుని, రిలేతో సహా బిగించండి, అంటే హారన్ కరెంటంతా స్విచ్ గుండా పోకుండా చూసే చిన్న డబ్బా. లేకపోతే స్విచ్ కాలుతుంది. అంతర్జాతీయ సముద్ర నియమాల ప్రకారం 12 మీటర్లు, అంటే సుమారు 39 అడుగులు, అంతకన్నా పొడవున్న బోటుకి హారన్ తప్పనిసరి. చిన్నవాటికి గట్టిగా వినిపించే సాధనం ఏదైనా ఉండాలి.

బిగించేటప్పుడు బూర నోరు ముందుకు, కాస్త కిందికి వంగి ఉండాలి, నీరు నిలవకూడదు. టెర్మినల్స్‌కి వాజిలిన్ రాయండి. తర్వాత ఇంజను నడుస్తుండగా మోగించి, జెట్టీ చివర నిలబడ్డ మనిషికి వినిపించిందో లేదో అడగండి. ఒక పొట్టి కూత అంటే కుడికి తిరుగుతున్నా, రెండు అంటే ఎడమకి, మూడు అంటే ఇంజను రివర్స్‌లో ఉంది. అవతలి ఓడ ఏం చేస్తోందో అర్థం కాకపోతే గబగబా కనీసం ఐదు. మంచులో వల వేసి ఉంటే ఒక పొడుగు, రెండు పొట్టి, రెండు నిమిషాలు దాటకుండా మళ్లీ మళ్లీ.

ఖాళీ రోజుల్లో బూరకి గుడ్డ కట్టి ఉంచండి. వేటకి బయల్దేరేటప్పుడు అది విప్పడం మర్చిపోకండి. మేం ఒకసారి మర్చిపోయాం, నాలుగో హారన్ కొనబోయాడు చిన్నాన్న.