ఆనకట్ట దాటే చేపకు గుమ్మం చూపించడం

జలవిద్యుత్ ఆనకట్టకు చేపల దారి కట్టదలచినవారు ముందుగా ఏ చేప ఏ కాలంలో ఎటు పోతుందో రాసిపెట్టుకోవాలి. పండుగప్ప, మలుగు ఉప్పునీటిలో పుట్టి పిల్లలుగా ఏటికి ఎదురెక్కుతాయి. నీలకంఠ రొయ్య గుడ్లతో సముద్రం వైపు దిగితే దాని పిల్లలు తిరిగి పైకి వస్తాయి. వాలుగ వంటివి కొత్తనీటితో ఏటిలోనే పైకి కదులుతాయి. పెన్నలో పైకి వచ్చే పిల్లకు మొదట అడ్డు తగిలేది సోమశిల కాదు, 2022లో ప్రారంభమైన నెల్లూరు, సంగం బ్యారేజీలు. కింది అడ్డు తీరకుండా పైన ఎంత ఖర్చుపెట్టినా ఆ చేప అక్కడికి చేరదు.

అన్నిటికన్నా గుమ్మం ముఖ్యం. చేప జోరుగా వచ్చే నీటికి ఎదురీది, టర్బైన్ల నీరు పడే చోట గోడకు ఆనుకుని గుంపుగా ఆగిపోతుంది. దారి నోరు సరిగ్గా అక్కడే ఉండాలి, దాని ధార పక్క నీటి హోరులో కలిసిపోకుండా తెలియాలి. ఆ చోటు పటంలో దొరకదు. ఏటి ఒడ్డున వల వేసే యానాది జాలరులను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు.

గెంతే సాల్మన్ అనే చలిదేశపు చేప కోసం గీసిన మెట్లు, అంటే ఒకదానికన్నా ఒకటి ఎత్తుగా కట్టిన నీటితొట్ల వరుస, మన చేపలకు నప్పవు. తొట్టికీ తొట్టికీ నీటిమట్టంలో 20 సెంటీమీటర్ల తేడా ఉంటే నీరు సెకనుకు దాదాపు 2 మీటర్ల వేగం అందుకుంటుంది. 10 సెంటీమీటర్లయితే 1.4 మీటర్లే. తొట్ల మధ్య గోడకు అడుగుదాకా నిలువు చీలిక ఉంచితే అడుగున తిరిగే జెల్లలూ దాటగలవు. అంచెకు 10 సెంటీమీటర్ల లెక్కన 3 మీటర్ల ఎత్తుకు 30 అంచెలు కావాలి. 30 మీటర్లకు 300 కావాలి గనుక, ఎత్తయిన ఆనకట్ట వద్ద చేపలను తొట్టిలో చేర్చి పైకెత్తే లిఫ్టే మేలు.

రొయ్యపిల్లలు, మలుగుపిల్లలు ఈదలేని చోట పాకుతాయి. రాత్రివేళ టార్చి వేసి చూస్తే, నీరు చెమ్మగిల్లే రాతిగోడ మీద అగ్గిపుల్లంత రొయ్యలు బారులు తీరి ఎక్కడం కనబడుతుంది. వాటికి కొబ్బరిపీచు పరచిన ఏటవాలు పలక, దానిపై ఎడతెగని సన్నని నీటిపొర చాలు.

దిగే దారిని చాలామంది మరచిపోతారు. గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోయే పెద్ద మలుగు టర్బైన్ రెక్కలకు తెగిపోతుంది. నీరు లోపలికి పోయే ముఖాన 2 సెంటీమీటర్లకు మించని సందులతో జాలీని ఏటవాలుగా నిలిపి, దాని చివర పక్కదారి తెరవాలి. వరద తీసిన ప్రతిసారీ చీలికల్లో చిక్కిన గుర్రపుడెక్కను, కొమ్మలను ఆ రోజే తీయించాలి.