చెరువు కట్టను చదవడం – 4వ పాఠం: కట్ట మీద చెట్లు

పోయిన పాఠంలో తూము (చెరువు నీళ్లు పొలాలకు వదిలే దారి) దగ్గర ఊట, అంటే కట్టలోంచి ఊరి వచ్చే నీరు, చూడటం నేర్చుకున్నాం. ఈసారి చెట్ల సంగతి. ఊళ్లో ఈ మాట ఎత్తితే "వేళ్లు మట్టిని పట్టుకుంటాయి, చెట్లుంటేనే కట్టకు బలం" అని ఒకరు, "మొత్తం కొట్టేయండి" అని ఇంకొకరు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది పచ్చని చెట్టు కాదు, కొట్టి వదిలేసిన మొద్దు.

ఎందుకంటే మట్టికట్ట నిలిచేది గట్టిగా కుదించిన మట్టి వల్ల. వేరు బతికున్నంత కాలం మట్టి దాని చుట్టూ చాలావరకు బిగిసే ఉంటుంది. చెట్టు చచ్చాక వేరు కొన్నేళ్లకు చివికిపోయి, ఆ చోట గొట్టంలాంటి బొక్క మిగులుతుంది. చెరువు నిండినప్పుడు నీరు ఆ దారి పట్టుకుని మట్టిని కొద్దికొద్దిగా లాక్కుపోతుంది. దీన్నే బుంగ పడటం అంటాం. ముదిరితే గండి.

ఎండాకాలంలో ఒక పాత తుమ్మ మొద్దు పక్కన కూర్చుని చూడండి. బెరడు చేత్తో లాగితే ఊడొస్తుంది. పక్కనే బొటనవేలంత రంధ్రం కనిపిస్తే సన్నని ఇనుప చువ్వ మెల్లగా దించండి. అడ్డు లేకుండా మూరెడు దిగిపోతుంది, బయటికి తీస్తే నల్లటి పొడి అంటుకుని ఉంటుంది. అదే చువ్వ పక్కనున్న గట్టి మట్టిలో నాలుగు వేళ్లు దిగడానికే మొరాయిస్తుంది. ఆ తేడా చేతికి తెలిస్తే ఈ పాఠం సగం వచ్చినట్టే. చెరువు నిండుగా ఉన్నప్పుడు మాత్రం కట్టను ఎక్కడా గుచ్చొద్దు, తవ్వొద్దు.

పచ్చని చెట్టుతోనూ ప్రమాదం లేకపోలేదు. తుపాను గాలికి పెద్ద చెట్టు కూలితే వేళ్లతోపాటు బండెడు మట్టి లేస్తుంది. కట్ట సన్నగా ఉన్నచోట, నీళ్లు నిండిన రోజున అది జరిగితే చాలా కష్టం. సర్కారు తుమ్మ పొదలు మరో రకం. వాటి చాటున పందికొక్కులు బొరియలు చేస్తాయి, వెనక వాలు (కట్టకు నీళ్లు లేని పక్క) మీద ఊట వచ్చినా కంటపడదు.

తాటి, ఈత చెట్లను వీటితో ఒకే గాటన కట్టను. వాటివి పీచువేళ్లు, రావి వేళ్లలా లావెక్కవు. పైగా గీత కార్మికుల బతుకు వాటి మీదే. కానీ తూము పక్కన, రాతి కట్టుబడిలో ఏది మొలిచినా వద్దు. రావి, మర్రి మొక్కలైతే మరీ. రాళ్ల సందులో దూరి కట్టడాన్నే విడదీస్తాయి, వేలెడు ఉన్నప్పుడే పీకేయాలి.

పెద్ద చెట్టు తీయాల్సి వస్తే ఇరిగేషన్ ఇంజనీరుకు చెప్పి, చెరువు ఎండినప్పుడే తీయించండి. మొద్దు, లావు వేళ్లు తవ్వి తీయాలి. గుంతలో తడి జిగురు మట్టిని జానెడు మించని పొరలుగా పోసి, ఒక్కో పొరనూ దిమ్మిసతో కొట్టాలి. పైన గరిక నాటాలి.

ఈ వారం పని: అలుగు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) నుంచి తూము దాకా వెనక వాలు పాదం వెంట నడవండి. ప్రతి మొద్దు, ఎండిన చెట్టు, చెమ్మ కనిపించిన చోటు నోటుబుక్కులో అడుగుల లెక్కతో రాసుకోండి. ఊట నీరు గ్లాసులో పట్టి చూడండి. తేటగా ఉంటే తేదీ వేసి మళ్లీ చూడండి. అడుగున మట్టి పేరుకుంటే ఆ రోజే ఇంజనీరుకు ఫోన్ చేయండి.

వచ్చే పాఠం: ఎండ్రకాయ బొక్కలు, పందికొక్కు బొరియలు పూడ్చడం.