మినీ ఎక్స్‌కవేటర్ లివర్ జర్క్ కొడుతుంటే: నా అనుభవం

పర్లాకిమిడి దగ్గర కాలువ పనిలో 3 టన్నుల బండి. బూమ్ (పెద్ద చేయి), ఆర్మ్ (దాని చివరి చిన్న చేయి), స్వింగ్ (బండి పైభాగం తిరగడం) అన్నీ కుదుపులే. అన్నీ ఒకేసారి కుదిపితే తప్పు అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోటే: ఆయిల్, పైలట్ లైన్ (లివర్ కదలికను మెయిన్ వాల్వుకు చేరవేసే తక్కువ ప్రెషర్ ఆయిల్ లైన్). ఒక్క బూమే కుదిపితే దాని పైలట్ వాల్వో (లివర్ కింద ఉండేది), స్పూలో (మెయిన్ వాల్వులో జరిగే కడ్డీ) చూడాలి. చాలామంది ముందే మెయిన్ పంపు విప్పేస్తారు, అనవసర ఖర్చు.

ట్యాంకు గాజులో ఆయిల్ నురగగా ఉంది. నురగంటే గాలి, పాలలా తెల్లగా ఉంటే నీళ్లు. సక్షన్ హోస్ (ట్యాంకు నుంచి పంపుకు ఆయిల్ వెళ్లే గొట్టం) క్లాంపు వదులైతే బయటికి చుక్క కారకపోవచ్చు, లోపలికి గాలి మాత్రం పీలుస్తుంది. జాయింటు చుట్టూ గ్రీజు దట్టంగా పూశాను, సందు మూసుకుని పంపు గోల తగ్గింది. దొంగ దొరికాడు! క్లాంపు మార్చి, ఎర్రమట్టి పట్టిన పైలట్ ఫిల్టర్ కూడా మార్చాను.

తర్వాత గాలి తీయాలి. బకెట్ నేలకు ఆనించి, ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో లివర్లు నాలుగు వైపులా కదిపి ప్రెషర్ వదలాలి. ఆపై ఐడిల్‌లో ఒక్కో సిలిండర్‌ను మెల్లగా నాలుగైదుసార్లు నడపాలి, చివరిదాకా గుద్దించకూడదు. పైలట్ ప్రెషర్ చాలా బండ్లలో 35 బార్ ప్రాంతంలో ఉంటుంది. గేజి ముల్లు వణికితే గాలి ఇంకా ఉండొచ్చు.