జవాబు రాని ప్రార్థన, నోరు పెగలని రోజులు: నా అనుభవం

అమ్మకి డయాలసిస్ మొదలైన దగ్గర్నుంచి ఇంట్లో అందరం స్వస్థత కోసం అడుగుతూనే ఉన్నాం, ఆరోగ్యం మాత్రం దిగజారుతూ వచ్చింది. కొన్నాళ్లకి కుటుంబ ప్రార్థనలో నా వంతు వస్తే నోరు పెగిలేది కాదు. ఉపవాసాలు, ఆల్‌నైట్ ప్రార్థనలు, నూనె రాయించడం, యూట్యూబ్ ప్రసంగాలు, ఇవేవీ ఆ మూగతనాన్ని తీయలేదు.

పనిచేసింది ఇది. సొంత మాటలతో ప్రార్థించడం ఆపేసి బైబిల్లో 13వ కీర్తన తెరిచాను. ఆరే వచనాలు. గట్టిగా, పైకి చదవాలి, మనసులో చదివితే నాకైతే ఏమీ కాలేదు. మొదటి రెండు వచనాల్లో దావీదు ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని దేవుణ్ణే నిలదీస్తాడు కదా, అక్కడ ఆగి అమ్మ పేరు, ఆ వారం వచ్చిన క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) రిపోర్టు సంగతి చెప్పేవాణ్ణి. నాలుగో వచనంతో ఆపేసేవాణ్ణి. నమ్మికా సంతోషమూ ఐదులో వస్తాయి, అవి నాలో లేనప్పుడు బలవంతంగా పలకలేదు. తర్వాత 88వ కీర్తన. అది చివరిదాకా చీకటే, స్తుతితో ముగియదు. అలాంటిదీ బైబిల్లో ఉందంటే నా ఫిర్యాదు అవిశ్వాసం కాదన్న ధైర్యం నాకు అక్కడే వచ్చింది. ఒకరోజు 13 చదువుతూ ఆగకుండా ఐదో వచనంలోకి వెళ్లిపోయాను.

అమ్మకి డయాలసిస్ ఇంకా నడుస్తోంది. అపొస్తలుడు పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధ గురించి మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు (2 కొరింథీ 12), కాబట్టి ఇలా చేస్తే అడిగింది దొరుకుతుందని చెప్పను. మళ్లీ మాట్లాడగలుగుతున్నాను, అంతే. అందరికీ పనిచేస్తుందో లేదో తెలియదు. నిద్ర, తిండి కూడా పోయి ఉంటే దీనితోపాటు డాక్టర్‌ని కూడా కలవండి.