తుపాన్ల కాలం రాకముందే సోలార్ ప్యానెళ్ల స్టీలు బోల్టులు చూసుకోండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. మన తీరంలో అక్టోబరు, నవంబరు వచ్చాయంటే ఇప్పటికీ గాలి భయమే. మేడ మీద సోలార్ ప్యానెళ్లు ఉన్నవాళ్లు సెప్టెంబరులోనే, ప్యానెళ్లను పట్టి ఉంచే క్లాంపుల బోల్టులు చూసుకోవాలి. వైర్ల జోలికి మాత్రం పోకండి. ఇన్వర్టర్ ఆపేసినా ఎండ ఉన్నంతసేపు వాటిలో ప్రమాదం ఉంటుంది.

కిందటేడు మా మేడ మీద ఒక కొత్త స్టెయిన్‌లెస్ నట్టు సగంలో పట్టేసింది. పానా కదలకపోయేసరికి బిగిసిందనుకుని వదిలేశాను. తర్వాత చేత్తో ఆడిస్తే క్లాంపు టకటకమంది. గాలికి ప్యానెల్ లేచిపోయేది ఇలాంటి చోటే. నట్టును కోసి తీశాక చూస్తే మరల్లో లోహం చిట్లి, వెండి పొరల్లా లేచి ఉంది. తుప్పు చుక్క కూడా లేదు.

ఈ స్టీలును తుప్పు నుంచి కాపాడేది పైనున్న పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర. బిగించేటప్పుడు ఒత్తిడికి ఆ పొర చెదిరితే లోహం లోహానికి రాసుకుని అతుక్కుపోతుంది. వేగంగా తిప్పితే వేడెక్కి ఇంకా తొందరగా పట్టేస్తుంది. అందుకే దెబ్బలు కొడుతూ వేగంగా తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ మిషను వద్దు, చేతి పానాతో నెమ్మదిగా తిప్పండి.

కొనేటప్పుడు బోల్టు తల మీద గుర్తు చూడండి. ఏ2 అంటే 304 రకం, ఏ4 అంటే 316 రకం. అయస్కాంతం పెట్టి తేల్చుకోవద్దు, మంచి 304 బోల్టు కూడా కొంచెం అంటుకోవచ్చు. సముద్రం దగ్గరైతే నట్టు, బోల్టు రెండూ ఏ4 తీసుకోండి. లోపలి ఊళ్లలో ఏ2 బోల్టుకు ఏ4 నట్టు వేస్తే పట్టేసే అవకాశం తగ్గుతుంది. మర దెబ్బతిన్నది ఎంత చవకగా వచ్చినా వద్దు.

మరలను బ్రష్‌తో శుభ్రం చేసి మరలు పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ పేస్టు పలుచగా రాయండి. నైలాన్ రింగు ఉండే నట్టుకు ఇది మరీ అవసరం, ఎందుకంటే ఆ రింగు రాపిడిని పెంచుతుంది. మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పండి. పేస్టు రాశాక పొడి మరకు చెప్పిన టార్క్ (తిప్పి బిగించే బలం) పెడితే బోల్టు సాగిపోతుంది, తగ్గించాలి. మాన్యువల్‌లో ఇచ్చిన అంకె పొడి మరకా, పేస్టు రాసినదానికా అన్నది చూసుకోండి.

తిప్పుతుంటే ఒక్కసారిగా గట్టిపడితే వెంటనే ఆగండి. చల్లారనిచ్చి, నూనె వేసి, కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు మెల్లగా ఆడించండి. అప్పటికీ రాకపోతే బలం పెట్టకుండా హ్యాక్సా బ్లేడుతో కోసి, నట్టూ బోల్టూ రెండూ కొత్తవి వేయండి.