చర్మ లింఫోమా: దురదను అదుపులో పెట్టి నిద్ర కాపాడుకోవడం ఎలా?

చర్మ లింఫోమా అంటే తెల్లరక్తకణాల్లో పుట్టి చర్మంలో కనిపించే ఒక రకం క్యాన్సర్. దానితో బతికేవారిలో చాలామందిని రోజూ సతాయించేది దురద. రాత్రి గోకుడుతో నిద్ర చెడుతుంది, పగలంతా నీరసం, నలుగురిలోకి వెళ్లాలంటే బెరుకు. అందుకే ముందు దురదను పట్టుకోవాలి. డాక్టర్ ఇచ్చే చికిత్సకు తోడుగా ఇంట్లో ఇలా చేయండి.

1. స్నానం గోరువెచ్చని నీళ్లతో, 5 నుంచి 10 నిమిషాల్లో ముగించండి. వేడినీళ్లు అప్పటికి హాయిగానే ఉంటాయి గానీ, చర్మంలోని నూనెలు పోయి కాసేపటికే దురద తిరగబెడుతుంది. పొట్టు ఊడాలని పీచుతో రుద్దకండి. తువ్వాలుతో అద్దుకోండి చాలు.

2. తడి పూర్తిగా ఆరకముందే, 3 నిమిషాల్లోపు, వాసన లేని చిక్కటి మాయిశ్చరైజర్ రాయండి. చాలామంది పొదుపు చేసేది ఇక్కడే. ఒళ్లంతా రాయాల్సిన పెద్దవారికి వారానికి 250 నుంచి 500 గ్రాములు పడుతుంది. చిన్న ట్యూబు నెలంతా వచ్చిందంటే చాలినంత రాయడం లేదన్నమాట. వెంట్రుకలు వాలిన వైపుకే రాయండి, ఎదురు రుద్దితే కుదుళ్లలో చీముపొక్కులు లేస్తాయి. డబ్బాలోంచి శుభ్రమైన చెంచాతో తీసుకోండి. ఈ క్రీములు ఇంకిన బట్టలు నిప్పు తగిలితే భగ్గున అంటుకుంటాయి, మంటకు దూరంగా ఉండండి.

3. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌కి వేరే కొలత. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు 0.5 గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. క్లోర్మెథిన్ జెల్ (ఈ జబ్బుకు చర్మంపై రాసే క్యాన్సర్ మందు) అయితే స్నానం చేశాక కనీసం 30 నిమిషాలు ఆగి, బాగా ఆరిన చర్మానికే రాయాలి. దానికి ముందూ వెనకా 2 గంటలు మాయిశ్చరైజర్ వద్దు. ఇంకొకరు రాస్తుంటే నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి. ఫోటోథెరపీకి (చర్మానికి అతినీలలోహిత కిరణాలు పట్టే చికిత్స) వెళ్లేముందు చిక్కటి ఆయింట్‌మెంట్ రాస్తే కిరణాలు చర్మానికి సరిగా అందవు, వచ్చాక రాసుకోండి.

4. రాత్రికి గది చల్లగా, బట్టలు వదులుగా, గోళ్లు కురచగా ఉండాలి. దురద లేస్తే గోకకుండా చల్లటి తడిగుడ్డ కాసేపు వేసి, తీశాక మళ్లీ మాయిశ్చరైజర్ రాయండి. మామూలు అలర్జీ మాత్రలతో తగ్గకపోతే ఆశ్చర్యం లేదు, ఆ మాత్రలు అడ్డుకునేది హిస్టమిన్ అనే రసాయనాన్ని, ఈ దురదలో దాని పాత్ర తక్కువ. గాబాపెంటిన్, మిర్టజపీన్ వంటి వేరే రకం మాత్రలు మీకు సరిపడతాయేమో డాక్టర్‌ని అడగండి.

5. రోజూ దురదకు 0 నుంచి 10 లోపు అంకె వేసి, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో పక్కన రాయండి. డాక్టర్‌కి మచ్చలు కనిపిస్తాయి, మీ రాత్రి కనిపించదు. "బాగానే ఉంది" అనకుండా ఆ కాగితం చూపించండి.

6. చీము, రసి, తేనెరంగు పెచ్చులు, ఉన్నట్టుండి నొప్పి, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పగిలిన చర్మంలో స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా త్వరగా చేరుతుంది, ముదిరిన దశలో అది ప్రాణాల మీదికి తేగలదు. ఒళ్లంతా ఎర్రబారినవారికి శరీరంలోని వేడి బయటికి పోయి జ్వరం లేకుండానే చలి కూడా పుడుతుంది. అందుకని వణుకు వస్తే థర్మామీటర్ పెట్టి చూడండి.

ఇంట్లోవారికి ఒక్కమాట: ఇది అంటువ్యాధి కాదు. చర్మ లింఫోమాల్లో ఎక్కువగా కనిపించే రకానికి ఉన్న 'మైకోసిస్ ఫంగాయిడిస్' అన్న పేరు విని బూజు తెగులు అనుకుంటారు గానీ, ఇందులో ఏ ఫంగస్ లేదు. పక్కన పడుకోవచ్చు, దగ్గరికి తీసుకోవచ్చు. క్లోర్మెథిన్ జెల్ రాసిన చోటు మాత్రం ఒట్టి చేత్తో తాకకండి.